రెండు కిలోల పొగ

తువ్వాలు పెట్టిందో లేదో, చార్జరు పెట్టింది, శాలువా పెట్టింది, రెండ్రోజుల షూటింగుకి శాలువా ఎందుకే నానమ్మా అని నిహారిక నవ్వుతూ సంచీ జిప్పు లాగుతోంది, శారదాదేవి చూపు మాత్రం కిటికీలోంచి ఫిల్మ్‌నగర్ రోడ్డు వారగా ఆగిన కారు మీదే ఉంది, వెనక సీట్లో తెల్లటి థర్మోకోల్ పెట్టె, అందులో ఇరవై కిలోల డ్రై ఐస్, గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్, వికారాబాద్ సెట్లో పొగమంచు కావాలట, రెండు గంటల ప్రయాణం, తరిగిపోకుండా అద్దాలన్నీ ఎత్తేసి ఏసీ పెట్టుకుని పోతామంది ఇందాక, ఎంత మామూలుగా అంది.

ఈ ఐస్ మాట విన్నప్పట్నుంచీ, వారంగా తను చదువుతున్నది ఈ పిల్ల పాత ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకం, ఎనిమిదితో బడి మానేసిన బుర్రకి మోల్ అన్న మాట ఎక్కడానికే మూడు రోజులు పట్టింది, అది బరువు కాదు, డజను లాంటి లెక్క, డజను రేగుపళ్ళూ డజను గుమ్మడికాయలూ బరువులో ఎక్కడ పొంతన, కానీ గాలుల సంగతి వేరు, లెక్క ఒకటైతే అవి పట్టే చోటూ ఒకటే, బెలూన్లలో నింపే హీలియం నాలుగు గ్రాములైనా, ఈ ఐస్ నలభై నాలుగు గ్రాములు ఆవిరైనా, గది వేడిలో ఇరవై నాలుగు లీటర్లే, చూడవే, దారిలో రెండు కిలోలు ఆవిరైందనుకో, రెండు వేలని నలభై నాలుగుతో భాగించు, నలభై అయిదు మోల్స్, అంటే వెయ్యి లీటర్ల పైమాటే, కారు లోపల మొత్తం మూడు వేలు, మరి మీరు పీల్చేదేంటి.

అబ్బా, పరీక్ష నాకా నీకా, రెండు కిలోలంటే ఇటుకంత ముక్కే నానమ్మా, అంటూ పిల్ల మెట్లు దిగింది, వెనకే తనూ దిగింది, అద్దాలు దించుకుని పోండి, లేదంటే పెట్టె ట్రాలీ ఆటోలో వేయించండి అంది, డ్రైవర్ మల్లికార్జున్ తల గోక్కుంటూ, ఏంది పెద్దమ్మా, అద్దాలు దించితే ఐస్ ఏడుంటది, ట్రాలీ ఆటోల ఏస్తే ఎండకు సగం పోతది, డైరెక్టర్ నన్ను తింటడు, పోతే పోనీ బాబూ, సగం పొగతోనే తీసుకోమను.

తాతయ్యకి గుండె ఆగిందని కదే మీకు చెప్పాను, ఆగిన మాట నిజమే, ఆయనా సెట్లలో పొగ వేసేవాడే, వ్యాన్లో ఇలాంటి పెట్టే, సెట్టు దాకా కూడా పోలేదు, స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడన్నారు, ఆ పొద్దున గుమ్మంలో నిలబడి, ఎండ మండిపోతోందండీ, అద్దాలెత్తేసుకోండి, ఐస్ తరిగితే మేనేజరు తిడతాడు అన్నది నేనే. పిల్ల ఒక ట్రాలీ ఆటోని ఆపి, పెట్టెకి ఒక పక్క తనే పట్టి అందులోకి ఎత్తించింది.

తెలిసి అనలేదు, కానీ అన్నది తనే. తన భర్త రఘునందన్ 1998 మే పందొమ్మిదిన పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాడు, తిరిగి రాలేదు.