మార్తీకి తట్టు పోసింది

మూడు నెలలకోసారి వచ్చే ప్రభురాత్రి భోజనానికి కారూ మెట్ట బయళ్ళలోని రైతులంతా బండ్లు కట్టుకొని వచ్చి బోఫర్ట్ వెస్ట్ చర్చి మైదానంలో దిగారు. ఎటు చూసినా గుడారాలు, పిల్లల గోల, నిప్పుల మీద చిటపటలాడే గొర్రెమాంసం. ఆ సందడిలో యాకోమీనా ‘కెర్స్‌లిఖ్’ పత్రికల కట్ట చంకన పెట్టుకొని బిక్కుబిక్కుమంటూ నిలబడింది. అందులో సీరియల్ రాసేది ఆమే. చందాదారులు పెరగకపోతే పత్రిక మూసేస్తామని యజమానులు తేల్చి చెప్పేశారు. అందుకే కేప్ టౌన్ నుంచి రైలెక్కి వచ్చింది.

ఎదురుగా సంఘపెద్ద ఫ్లోరిస్ వస్తున్నాడు. దేవుడి మాట డచ్చిలో ఉండగా, ఇళ్ళల్లో మాట్లాడుకునే ఈ వంటింటి భాషను అచ్చేయడమేమిటని పోయినేడు ఆమెను గేటు బయటి నుంచే తరిమేసిన మహానుభావుడు. యాకోమీనా పత్రికల కట్టను వెనక్కి దాచుకుంది.

“ఏమ్మా, పిల్లకెలా ఉంది?”

“ఏ పిల్ల మామా?”

“ఏ పిల్లేంటి! మార్తీ! తట్టు పోసి ఒళ్ళు కాలిపోతోందని పోయిన సంచికలో నువ్వే కదా రాశావు!”

అంతే, మార్తీ పేరు వినగానే ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఒకావిడ ఆమె చేతిలో గుడ్డసంచి కుక్కింది. “మేకపెంటికలు. మరగబెట్టి, వడగట్టి తాగించమను. తట్టు లోపలుండిపోకూడదు, పైకి పొయ్యాలి.”

“నీ బక్కమేకలవేం పనికొస్తాయే! మావి కొండెక్కి మేసినవి, ఇవి పట్టుకెళ్ళమ్మా!”

“కొండెక్కాయో, మా పొలంలో పడ్డాయో!”

నవ్వులే నవ్వులు. చందా కట్టేవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటున్నారు. యాకోమీనాకు ఆనందంతో కాళ్ళు నేలమీద నిలవలేదు. పత్రిక బతికినట్టే!

“సాయంత్రం ప్రార్థనలో మార్తీ పేరు చెప్పమని పాస్టరు గారినడిగా,” అన్నాడు ఫ్లోరిస్, టోపీ సర్దుకుంటూ.

ఆ మాటతో ఆమె నవ్వు ఎగిరిపోయింది. ఎందుకంటే వచ్చే సంచికలో మార్తీ చచ్చిపోయింది. “చంపెయ్. ఏడిస్తేనే కొంటారు,” అన్నాడు సంపాదకుడు బాసన్. ఆమె చంపేసింది. రాస్తూ ఏడ్చింది, బాగా వచ్చిందని మురిసింది కూడా. ఆ పేజీ ఇవాళ నాలుగింటికి కేప్ టౌన్‌లో అచ్చుకెక్కుతుంది.

పాపం, ఇళ్ళల్లో బైబిలు తప్ప వేరే పుస్తకమెరుగని మనుషులు. అచ్చులో ఉన్నదల్లా నిజమే అనుకుంటున్నారు. నిజం చెప్పేయడమే మేలనుకొని, అందరిలోకీ పెద్దదైన లెట్టీ అత్త బండి దగ్గరికి వెళ్ళింది. అత్త కాఫీ కాస్తోంది.

“అత్తా, కోప్పడకు. మార్తీ అనే పిల్ల అసలు లేనేలేదు. నేనే కల్పించాను.”

లెట్టీ అత్త తీరిగ్గా కాఫీ వంచింది. “మాకు తెలీదనుకున్నావా? రైతులమే గానీ వెర్రివాళ్ళం కాదే తల్లీ.”

“మరి ఈ పెంటికలూ, ఈ ప్రార్థనా?”

అత్త కాఫీ గిన్నె కింద పెట్టింది. “యుద్ధంలో మమ్మల్ని ఇంగ్లీషువాళ్ళు పట్టుకెళ్ళి శిబిరంలో పెట్టారు కదా. నా ఇద్దరు పిల్లలూ అక్కడ తట్టుతోనే పోయారు. ఈ కషాయమే పెడతానంటే నర్సు ముక్కు మూసుకొని గిన్నె ఒలకబోసింది. ఇక్కడున్న ఆడాళ్ళలో సగం మందిది ఇదే కత. అప్పుడు మా చేతుల్లో ఏమీ లేదు. ఈ పిల్ల నీ చేతిలో ఉంది.” ఆమె మొహంలోకి చూసింది. “ఉందా, ఇంకా?”

యాకోమీనా గిరుక్కున తిరిగింది. లంగా రెండు చేతులా పైకి పట్టుకొని పోస్టాఫీసు వైపు పరుగు తీసింది. చర్చి గడియారం మూడున్నర దాటింది. ఏమైందో తెలియకుండానే ఆడవాళ్ళంతా, వాళ్ళతోపాటు ఫ్లోరిస్ మామా ఆమె వెనక పరుగెత్తుకొచ్చారు.

తంతి గుమాస్తా కిటికీ వేయబోతూ ఆగి, ఆమె రాసిన కాగితం పైకి చదివాడు. “మార్తీని చంపకండి. పేజీ ఆపండి. మళ్ళీ రాస్తాను.” అతని కళ్ళు పెద్దవయ్యాయి. “చంపుదామనుకున్నారా! మా అమ్మకు తెలిస్తే మిమ్మల్ని రైలెక్కనిస్తుందా!”

అచ్చాఫీసుకు టకటకా తంతి కొట్టాడు. ఆ తర్వాత అందరూ కిటికీ దగ్గరే ఒత్తుకొని నిలబడ్డారు. నాలుగు గంటలు కొట్టింది. బాసన్ ఊరుకుంటాడా? యంత్రం తిరగడం మొదలైపోయిందా? 

ఎట్టకేలకు జవాబు టకటకలాడింది. పంపింది అచ్చు మేస్త్రీ గెరిట్. గుమాస్తా గొంతు సవరించుకొని చదివాడు.

“పేజీ పొద్దుటి నుంచీ బల్లమీదే ఉంది. యంత్రం మీదికెక్కించడానికి ఇక్కడ ఎవరికీ చేతులాడలేదు. బాసన్ గారు అరుస్తున్నారు. తొందరగా రాయండి.”

పోస్టాఫీసు వాకిలంతా కేకలతో హోరెత్తింది. ఫ్లోరిస్ మామ టోపీ గాల్లోకి విసిరాడు. యాకోమీనా ఏడుస్తూ, నవ్వుతూ, గుమాస్తానడిగి కాగితాలు తీసుకొని పోస్టాఫీసు మెట్లమీదే కూర్చుంది.

లెట్టీ అత్త ఆయాసపడుతూ వచ్చి పక్కన చతికిలబడింది. యాకోమీనా బండి దగ్గర మరిచిపోయిన మేకపెంటికల సంచి ఆమె ఒళ్ళో పెట్టింది.

“ముందు ఈ కషాయం తాగించు,” అంది.