పొయ్యి ముక్కులో పసుపు

ఉక్కు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు మంటలకు బుద్ధులు నేర్పినవాణ్ని నేను. నేను కన్నెర్రజేస్తే బ్లాస్ట్ ఫర్నేస్ కూడా బిడియపడి తల వంచుకునేది. అలాంటివాడి మీద, సీతమ్మధారలో సొంత వంటింట్లో, రెండు బర్నర్ల స్టవ్వు తిరగబడింది.

నెల రోజులుగా నీలంగా మండాల్సింది పసుపుపచ్చగా మండుతోంది. గిన్నెల అడుగులన్నీ నల్లబడ్డాయి. ఆ సంగతి మా ఆవిడ ఆదిలక్ష్మమ్మ ఫోన్లో తమ్ముడితో అంది. తమ్ముడు పోలిరాజు ఫిషింగ్ హార్బర్లో మరబోట్ల ఇంజన్లు బాగుచేస్తాడు. ఆలోచన తక్కువ, ఆచరణ ఎక్కువ.

"అప్పా, సుక్రోరం మద్దినానికి అద్దం పొయ్యి తెత్తాను. ఆ పాతది తుక్కుకేసేద్దాం" అన్నాడు.

ఫోన్ పెట్టేసి ఆదిలక్ష్మమ్మ స్టవ్వు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. "పద్మనాభం ఊళ్ళో ఊకపొయ్యి ఊదీ ఊదీ నా కళ్ళు మండిపోయేవి. ఇది వచ్చాకే నాను నవ్వుతా వంట సెయ్యడం నేర్సుకున్నాను. దీన్ని తుక్కుకేత్తాడా?"

"నాను లేనేటే! సుక్రోరానికి దీన్ని కొత్త పెళ్ళికూతుర్ని సేసేత్తాను" అన్నాను నేను.

"పెళ్ళికూతురొద్దు గానీ, సరిగ్గా మండితే సాలు."

శుక్రవారం పొద్దున్నే సిలిండర్ కట్టేసి, స్టవ్వు చల్లబడ్డాక ఇత్తడి బర్నర్లు పైకి తీశాను. చింతపండు, కొబ్బరిపీచు పట్టుకుని దీపపు సెమ్మెలు తోమినట్టు తోమాను. ఎంత మెరిశాయంటే, ఎదురింటి శ్రీరామ్మూర్తి చూసి, "బంగారం బయట పెట్టకండి మాస్టారూ, తలుపేసుకోండి" అన్నాడు.

ప్రతి శుక్రవారం ఆవిడ దేవుడి దగ్గర కూర్చుంటే, పొయ్యికి పసుపూ కుంకుమా పెట్టే పని ఏడాదిగా నాది. ఆనవాయితీ తప్పకూడదు కదా! ఆ వేళ రెండు వేళ్ళు ఎక్కువే పట్టించి, వెలిగించాను.

మంట బంతిపూవులా విచ్చుకుంది. మునుపటికంటే పసుపుపచ్చగా.

సరిగ్గా అప్పుడే పోలిరాజు దిగాడు. ఒక చంకలో కొత్త స్టవ్వు పెట్టె, రెండో భుజాన వంజరం చేప. దాని తల వంటింట్లోకి వచ్చేసరికి తోక ఇంకా మెట్ల మీదే ఉంది. కిందింటివాళ్ళు దాన్ని దాటుకుని మేడ మీదకు వెళ్ళారు.

"ఏటి బావా, దీపావళి సేత్తన్నావా?" అన్నాడు మంట చూసి. కట్టేసి, చల్లారాక బర్నరు తీసి అరచేతిలో బోర్లించి కొట్టాడు. పసుపు రాలింది. గోటితో కన్నాలు గీకితే, ఏడాది శుక్రవారాలన్నీ పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చాయి.

"ఇంజను నాజిలుకి ఎవడైనా పసుపు రాత్తాడా? ఎవరు సేసారిది?"

ఆదిలక్ష్మమ్మ నా వైపు చూసింది. నేను చేప వైపు చూశాను.

"బొట్టు నుదుట పెడతారు గానీ ముక్కులో కూరతారేటండీ! ఊపిరాడక సచ్చిపోతంది నా పొయ్యి!" అని నవ్వలేక గోడకు జారగిలబడింది.

"మరి ఫేట్రీలో ముప్పయ్యేళ్ళు మంట కాసినోడివి కదా బావా?"

ఇక దాచి లాభం లేదు. నా ఉద్యోగం స్టోర్ రూములో చేతితొడుగులు ఇవ్వడం. ఫర్నేస్ దగ్గరకు వెళ్ళింది ఏడాదికోసారి, ఆయుధపూజ నాడు, అక్కడి యంత్రాలకు బొట్లు పెట్టడానికి. బొట్లు పెట్టడంలో మాత్రం నన్ను మించినవాడు లేడు. ఆ విద్యనే ఇంటికి తెచ్చుకున్నాను.

ఆదిలక్ష్మమ్మ గాజుకున్న పిన్నీసు తీసి నా చేతిలో పెట్టింది. కన్నం కన్నం పొడిచాను. వేడి సబ్బునీళ్ళలో కడిగి, బాల్కనీలో ఎండకు పెట్టాను. "సుక్క తడున్నా సిటపటలాడతాది. ఆగు బావా!" అని పోలిరాజు నన్ను రెండుసార్లు వెనక్కి లాగాడు. బాగా ఆరాక తిరిగి అమర్చాం. ఆదిలక్ష్మమ్మే వెలిగించింది.

నీలం! యారాడ సముద్రాన్ని చుట్టగా చుట్టి పెట్టినట్టు, గుండ్రంగా, చప్పుడు లేకుండా.

"తమ్ముడూ, ఆ అద్దం పొయ్యి మరదలికి పట్టుకెల్లు" అంది ఆవిడ బాండీ పెడుతూ. "దీనికి బొట్టు ఇక నానే పెడతాను, ముందుపక్క రేకు మీద. మీ బావ సెయ్యి మాత్రం పడకూడదు."

ఇందులో ఒక్కటి మాత్రం నా కల్పన, ఆ వంజరం. శుక్రవారం పూట మా ఇంట్లో చేపేమిటండీ! పోలిరాజు తెచ్చింది నాలుగు అరటికాయలు. నేను సిగ్గుపడి చూసింది వాటి వైపే, ఆ నీలం మంట మీద కమ్మగా వేగినవీ అవే. అయినా మెట్ల మీద తోకంటే మీరెలా నమ్మారండీ?