ఏడు రోజుల తడి

ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన ఆగస్టులోనే అమెరికా సైనికులు ఒమన్ ఎడారిలో గుడారాలు వేశారు. నెల తిరక్కముందే, లారీలు నిలపడానికి కాంక్రీటు గచ్చు కూడా కావాలన్నారు. ఆ పని ఆర్మూరు మేస్త్రి లింబాద్రి చేతికొచ్చింది.

గచ్చు పోసిన మూడో రోజే అమెరికన్ కెప్టెన్ దానిమీదికి లారీలు ఎక్కించబోయాడు. గచ్చుమీద పరిచిన గోనెసంచులను తడుపుతున్న లింబాద్రి, చేతిలో పైపు వదలకుండానే అడ్డంగా నిలబడ్డాడు.

"ఏడు దినాలు తడవాలె. అప్పటిదాంక సైకిల్ గూడ ఎక్కనియ్య."

కడప ఫోర్‌మన్ ఖాదర్‌వలి భయపడుతూనే ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాడు. కెప్టెన్ నవ్వాడు. క్రిస్మస్‌కల్లా ఇంటికి పోయేవాళ్లకు ఇంత గట్టి గచ్చెందుకన్నాడు.

లింబాద్రికి ఒళ్లు మండింది. తన చేతి గచ్చు ఇంతవరకు ఎక్కడా పగల్లేదు.

"గుడారం పీకితే వస్తది ఖాదర్‌భాయ్, గచ్చు రాదు. గచ్చు పోయించుకున్నోడు జల్దిన పోడని చెప్పు. నేను గూడ రెండేండ్లకనే వచ్చిన. పన్నెండేండ్లాయె."

కెప్టెన్ నవ్వు ఆగిపోయింది. లారీలు వెనక్కి తిరిగాయి. అంత పెద్ద దేశపు సైన్యం, లింబాద్రి సరేననేదాకా నాలుగు రోజులు ఇసుకలో కాచుకుంది.

ఆ క్రిస్మస్ పోయింది, యుద్ధం వచ్చింది, అదీ ముగిసింది. ఎనిమిదేళ్ల తర్వాత పక్కనే ఇంకో గచ్చు పోయడానికి లింబాద్రినే పిలిపించారు. అతను ముందు పాత గచ్చును అరచేత్తో తడిమి చూశాడు. వెంట్రుకంత పగులు లేదు.

"ఈసారి మేముండేది మూడు నెలలే," అన్నాడు కొత్త కెప్టెన్.

లింబాద్రి గోనెసంచులు తెప్పించాడు.