సల్సాలో పెట్టిన ఆవ

నాకు కుళ్లే. ఎవరేమనుకున్నా సరే, నా తోడికోడలు సుహాసినిని చూస్తే చాలు, నాకు కడుపు మండిపోతుంది. ఆవిడ ఈ ఇంటికొచ్చి ఏడాది నిండలేదు, నేనొచ్చి పన్నెండేళ్లు. రాజాంలో కాలేజీ రోడ్డు మీద మా మామగారు జగన్నాధంగారికి ఒక గది ఉంది. ఖాళీ ఎరువుల సంచులు తప్ప అందులో ఏమీ లేవు. అక్కడ టిఫిన్ కొట్టు పెట్టుకుంటానని పెళ్లైన ఏడాదే అడిగాను. పిల్లాడు పుట్టాక అడిగాను. కరోనా తగ్గాక కూడా అడిగాను. అడిగినప్పుడల్లా “సూద్దాం లేమ్మా” అన్నారు. పన్నెండేళ్లుగా చూస్తూనే ఉన్నారు.

సుహాసిని మాత్రం ఒక్కసారి అడిగింది. పెళ్లికి ముందు విశాఖపట్నంలో ఏదో హోటల్లో పనిచేసిందట, అక్కడ టాకోలని ఏదో పరదేశపు రొట్టెల వంటకం నేర్చుకుందట. “ఆదివారం సేసి ఎట్టమ్మా. బాగుంటే గది తాళం నీదే” అన్నారు మామగారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున్నే నా వంటింట్లో దిగింది మహాతల్లి. ఆ దేశం వాళ్లు టాకోల్ని గొడ్డుమాంసంతో చేస్తారట. మా ఇంట్లో అది రాదు కాబట్టి మేక కీమా తెప్పించింది. ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి నూరి కీమాలో వేసి నీరంతా ఇగిరేదాకా వేయించింది. మొక్కజొన్న పిండితో అరచేయంత రొట్టెలు కాల్చి, కీమా కూరడానికి వీలుగా వేడి మీదే మధ్యకి వంచింది. వాసన బాగానే ఉంది. బాగుందనిపించినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

తర్వాత సల్సా, అంటే టాకోలో కీమా మీద వేసే పచ్చి పచ్చడి. సీతంపేట అనాసపండు, దోరమామిడి సన్నగా తరిగి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి నిమ్మకాయ పిండింది. అంతే! పోపు లేదు, పొయ్యి ఎక్కించింది లేదు. ఈ పండ్ల ముక్కలకా నా గది ఇచ్చేస్తున్నారు?

ఆవిడ చీర మార్చుకోవడానికి వెళ్లింది. నేను చిన్న రోట్లో గుప్పెడు ఆవాలు పోసి, ఉప్పేసి, నీళ్లు చిలకరించి నూరాను. మా వైపు పనసపొట్టు కూరకైనా చెంచాడు ఆవ పెడితే చాలు. నేను ముద్దంతా ఆ సల్సా గిన్నెలో వేసి కలిపేశాను. తిన్నవాడు ముక్కు పట్టుకుని లేచిపోవాలి, అంతే నాకు కావలసింది.

మామగారు పీట మీద కూర్చున్నారు. తాళం పక్కనే పెట్టుకున్నారు. సల్సా వేసిన మొదటి టాకో కొరకగానే కళ్లమ్మట నీళ్లు కారాయి. ఆయన ముక్కు తుడుచుకుని రెండోది అందుకున్నారు.

“ఓలమ్మో! ఏటమ్మా ఈ ఘాటు! తియ్యగా తగిలి, ముక్కులోకెళ్లి బుర్ర కడిగేస్తన్నాది. నా జన్మలో ఇలాటిది తిన్లేదు.”

పన్నెండేళ్లు వండి పెట్టాను ఈయనకి! ఒక్కసారైనా ఆ మాట అన్నారా?

సుహాసిని తెల్లమొహం వేసింది. సల్సా వేలితో తీసి నాలుక్కి రాసుకుని నావైపు చూసింది. “అక్కా, ఇందులో ఆవ నువ్వు పెట్టావా?”

లేదనేస్తే పోయేది. కానీ నా ఆవకి ఆవిడ మెప్పు కొట్టేయడం నావల్ల కాలేదు.

“ఎట్టాను. బాగుండాలని కాదు, పాడైపోవాలనే ఎట్టాను. పన్నెండేళ్లు నేనడిగితే ఇవ్వని గది నీకిచ్చేస్తన్నారని ఎట్టాను. సాలా?”

“ఒసే ధనలక్ష్మీ, ఊరుకోయే” అన్నాడు మా ఆయన మురళీమోహన్. నేను ఊరుకోలేదు, కదల్లేదు.

మామగారు తినడం ఆపి నా మొహంలోకి చూశారు. “గది నువ్వడిగినావా? ఎప్పుడమ్మా?”

వెటకారం కాదు. ఆయనకి నిజంగానే గుర్తులేదు. మూడుసార్లు అడగడానికి నేను ఎన్ని రోజులు ధైర్యం కూడగట్టుకున్నానో, ఆయన “సూద్దాం” అన్న ప్రతిసారీ దాన్నే మాటగా పట్టుకుని ఎంత ఎదురుచూశానో! ఆయనకి అది చెవిన కూడా పడలేదు. ఇన్నాళ్లూ నేను సుహాసిని మీద కుళ్లుకున్నాను. తిట్టాల్సిన మనిషి ఎదురుగా టాకో పట్టుకుని కూర్చున్నాడు.

“ఎప్పుడైతే ఏటిలెండి మావయ్యా. ఇప్పుడు అందరి ముందూ అడుగుతన్నాను. ఆ తాళం నాకియ్యండి” అని చెయ్యి చాపాను.

ఆయన తాళం తీసుకున్నారు. నా చెయ్యి అక్కడే ఉంది. ఆయన మాత్రం సుహాసిని వైపు తిరిగి, “ఏటమ్మా, ఇచ్చీమంటావా?” అని అడిగారు.

సుహాసిని తలూపాకే తాళం నా చేతిలో పెట్టారు.