నడుస్తున్న ఇంజను ఆపమంటే

తాళం తిప్పితే కారు టక్ అంది. అంతకు మించి ఏమీ అనలేదు. స్టీరింగు వెనక వెలిగిన ఎర్రదీపాలు ఒక్కసారి కళ్ళు మూసుకుని, తాళం వదిలాక మళ్ళీ తెరిచాయి. టైలరమ్మ ఇంకోసారి తిప్పింది. మళ్ళీ టక్.

"ఊరికే తిప్పకే. ఉన్న ప్రాణం కూడా పోతుంది," అన్నాడు ఆమె మొగుడు, సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడి. ఇళ్ళకు రంగులు వేయడం ఆయన పని. వీధిలో అందరికీ ఆయన పెయింటరుగారే.

"పొద్దున్నే ప్రాణం ఊసెత్తకండి," అందామె.

పక్క ఊరి ఆసుపత్రిలో ఆ పూట టైలరమ్మ అక్కకు ఆపరేషను. పిత్తాశయంలో రాళ్ళు. చిన్నదేనని డాక్టరు అన్నాడు గానీ, కత్తి పట్టినవాడికి అన్నీ చిన్నవే. ఇదివరకే ఒకసారి వాయిదా పడింది. ఇంకోసారి పడితే కామెర్లు ముదురుతాయని చెప్పిందీ ఆయనే. అక్కది మాత్రం నిన్నటి నుంచీ ఒకటే మాట. "నువ్వొచ్చి కనిపిస్తే గానీ నేను ఆ బల్ల ఎక్కను."

అది మొండితనం కాదు, అక్కచెల్లెళ్ళ మధ్య ఒప్పందం. వాళ్ళమ్మను ఆపరేషనుకు లోపలికి తీసుకెళ్ళిన రోజు ఇద్దరూ మందుల కోసం కింద వరుసలో నిలబడి ఉన్నారు. పైకి వచ్చేసరికి మంచం మీద దుప్పటి మాత్రమే ఉంది. అమ్మను బయటికైతే తెచ్చారు గానీ ఆవిడ కళ్ళు తెరవలేదు. అప్పటి నుంచి ఇద్దరిలో ఎవరు ఎక్కడికి బయల్దేరినా రెండోవాళ్ళు ఎదురుగా నిలబడి ముఖం చూసి పంపాల్సిందే. బస్సెక్కినా సరే, పన్ను పీకించుకోబోయినా సరే. ఫోనులో కనిపించే ముఖం లెక్కలోకి రాదు. "మీ ఇద్దరి సాగనంపుళ్ళకే సగం జీవితం సరిపోయింది" అని పెయింటరు వేళాకోళం చేస్తుండేవాడు. ఇవాళ చేయలేదు.

పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది. వీధిలో ఉన్న ఒక్క టాక్సీ అప్పటికే ఎవరినో ఎక్కించుకుని పోయింది. ఇక మిగిలింది ఈ కారు, దాన్ని బాగుచేయగల మరిది.

పెయింటరు తమ్ముడు వీధి చివర షెడ్డులో కార్ల వైరింగు పని చేస్తాడు. కరెంటు కొలిచే మీటరు చేతిలో లేకుండా గడప దాటడు కనక అందరూ అతన్ని మీటరనే పిలుస్తారు. కబురు అందగానే సగం గీసిన గడ్డంతో వచ్చేశాడు.

"ఏం వదినా, బండి అలిగిందా?"

"అలిగితే బుజ్జగించేదాన్ని. మూగనోము పట్టింది. కాస్త తొందరగా చూడు నాయనా. నువ్వు పరీక్షలు పెడుతూ కూర్చుంటే అక్కడ మా అక్క ప్రాణం విసిగిపోతుంది."

"బ్యాటరీ పోయుంటుందిరా," అన్నాడు పెయింటరు. "కొత్తది తెచ్చి పడేద్దాం."

"అన్నయ్యా, గోడకు చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడకుండా రంగు కొడతావా నువ్వు?"

"కొట్టను."

"మరి నన్ను కొట్టమనకు."

బానెట్టు ఎత్తి, మీటరు ముళ్ళు రెండూ బ్యాటరీ కొసలకు ఆనించాడు. "నిండుగా ఉంది. వదినా, తాళం తిప్పి అలాగే పట్టుకో." టక్ అంది. మీటరులో అంకె కదలకపోవడం చూసి అతను తల అడ్డంగా ఊపాడు. "బరువెత్తుకున్నవాడి నడుం కాస్తయినా వంగాలి. దీనిది వంగలేదు. అంటే బరువు దీని మీద పడనే లేదు. బ్యాటరీ తప్పు కాదు."

"మరి ఎవరి తప్పు?" అందామె.

"అదే వెతుకుతున్నా."

బ్యాటరీ కొసల బిగువు చూశాడు. కారు కిందికి దూరి స్టార్టరు మోటారు దగ్గర ముల్లు ఆనించి మళ్ళీ తాళం తిప్పమన్నాడు. టైలరమ్మ సూదిలో దారం ఎక్కించినంత జాగ్రత్తగా తిప్పింది.

ఒళ్ళో ఫోను మోగింది. అక్క కూతురు. "పిన్నీ, ఎక్కడిదాకా వచ్చారు? నర్సు వచ్చి చూసి వెళ్ళింది. అమ్మ కిటికీ దగ్గర్నుంచి కదలడం లేదు."

"ఇదిగో, బయల్దేరుతున్నామమ్మా," అంది. అబద్ధం కాదు. నిజమూ కాదు.

కారు కింది నుంచి మరిది గొంతు వినిపించింది. "కరెంటు ఇక్కడిదాకా బాగానే వస్తోంది వదినా. వచ్చింది వెనక్కి వెళ్ళడం లేదు. వెళ్ళింది తిరిగి బ్యాటరీకి చేరితేనే పని జరిగేది. ఎక్కడో తిరుగుదారి మూసుకుపోయింది."

"నీకు దణ్ణం పెడతాను, ఆ తిరిగి రాకపోవడాల సంగతి నాకు చెప్పకు. చేసేది చెయ్యి," అంది.

అతను బయటికి వచ్చి బ్యాటరీ మైనస్ నుంచి బయల్దేరిన లావుపాటి తీగ వెంట ముల్లు జరుపుకుంటూ పోయాడు. ఆ తీగ కారు బాడీకి ఒక బోల్టుతో బిగించి ఉంది. దాన్నే ఎర్త్ అంటారు. బోల్టు తల మీద ముల్లు పెడితే అంతా సవ్యంగా ఉంది. పక్కనే బాడీ రేకును కాస్త గీకి అక్కడ పెట్టి తాళం తిప్పమనగానే మీటరులో అంకె ఎగిరింది. అడ్డు ఆ రెండింటి మధ్యే ఉందన్నమాట. అతను వంగి బోల్టు చుట్టూ పరీక్షగా చూశాడు. బూడిదరంగు, గీత కూడా లేకుండా అద్దంలా మెరుస్తోంది.

"ఇక్కడ ఇంత అందంగా రంగెవరు వేశారు?"

పెయింటరు సంచీ నేలమీద పెట్టాడు.

"మొన్న తుప్పు కనిపిస్తేనూ," అన్నాడు మెల్లగా. "ఆ తీగ అడ్డంగా ఉంటే విప్పి, గీకి, ప్రైమరు కొట్టి, రెండు పూతలు వేసి, ఆరాకే మళ్ళీ బిగించాను. తుప్పు చూస్తూ ఊరుకోలేను కదరా."

"పని బ్రహ్మాండంగా చేశావు అన్నయ్యా. కరెంటు దూరే సందు కూడా వదల్లేదు. బోల్టు మరల్లో ఎక్కడో రవ్వంత ఆనుకుని ఈ రెండురోజులూ నడిచింది. ఇవాళ అదీ వదిలేసింది."

టైలరమ్మకు తిట్టు నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేసింది.

మరిది ఒక తీగ తెచ్చి బ్యాటరీ మైనస్‌నూ ఇంజనునూ నేరుగా కలిపాడు. "తిప్పు."

తిప్పింది. ఇంజను ఒక్క ఊపున లేచింది. సీటు, తలుపు, ఆమె మోకాళ్ళు అన్నీ అదిరాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎక్కండి, పోదాం," అంది మొగుడితో.

"ఆపు వదినా."

"ఏమిటి ఆపేది?"

"ఇంజను. ఈ తీగతో పోకూడదు. దారిలో ఊడిందంటే డైనమో కాలుతుంది, నడిరోడ్డున నిలబడతారు. ఆ బోల్టు విప్పి రంగు గీకాలి. ఇంజను తిరుగుతుండగా అది విప్పను."

"ఇంతసేపూ లేవనిదాన్ని లేపి, ఇప్పుడు ఆపమంటావా? మళ్ళీ లేవకపోతే?"

"లేస్తుంది."

"నీకేం తెలుసు?"

"చూశాను కనక తెలుసు. నేను చూసిందే చెప్తాను. నీకు తెలుసుగా."

ఆమె రెండు చేతులతో తాళాన్ని పట్టుకుని కూర్చుంది. మరిది తొందరపెట్టలేదు. బోల్టు విప్పే రెంచి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని తాళం వెనక్కి తిప్పింది. వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"గరుకు కాగితం ఉందా అన్నయ్యా?"

ఉంది. పెయింటరు సంచీలో అది లేకుండా ఉండదు. "ఇలా ఇవ్వు, నేను గీకుతా," అని తనే వంగాడు. నున్నగా తను వేసిన పూతను తనే రేకు తెల్లబడేదాకా రుద్దాడు. "ఇంకా, ఇంకా" అని తమ్ముడు అంటూనే ఉన్నాడు. "గోడలను కూడా ఇంత కసిగా రుద్దితే నీ రంగు పెచ్చులూడదు కదా" అని కూడా అన్నాడు. పెయింటరు నవ్వలేదు.

బోల్టు బిగించి, ఆ అదనపు తీగ తీసేశారు. టైలరమ్మ తాళం తిప్పింది. ఇంజను లేచింది. తీగ సాయం లేకుండానే లేచిందన్నట్టు మరిది వట్టి చేతులు రెండూ పైకెత్తి చూపించాడు.

పెయింటరు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. ఇళ్ళు పలచబడి పొలిమేర రాబోతుండగా ఫోను మోగింది.

"పిన్నీ, పిలిచేశారు. అమ్మ మంచం చువ్వ పట్టుకుని వదలడం లేదు. ఇంకో పేషెంటును తీసుకుంటామంటున్నారు."

"అమ్మకివ్వు."

"ఎక్కడున్నావే?" అంది అక్క.

మెట్లెక్కుతున్నానని చెబుదామనుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది. "దూరంగా ఉన్నానక్కా. ఇప్పట్లో చేరను," అంది.

"మరి?"

"మరి, నువ్వు వెళ్ళు."

"నీ ముఖం చూడకుండానా?"

"నా ముఖం నీకు కొత్తదా? సాయంత్రానికీ ఇదే ముఖం. లోపలికి వెళ్ళు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఉంటాను."

"తెరుస్తానంటావా?"

టైలరమ్మ కిటికీ వైపు తిరిగింది. "తెరవకపోతే నేనొచ్చి తిడతాను. నా తిట్లు నీకు తెలుసుగా."

అవతల వినిపించింది నవ్వో ఏడుపో తెలియలేదు. ఆ తర్వాత అక్క కూతురి గొంతు. "పిన్నీ, చువ్వ వదిలేసింది. తీసుకెళ్తున్నారు." చక్రాల చప్పుడు కాసేపు వినిపించి ఫోను ఆగిపోయింది.

"ఏమంది?" అన్నాడు పెయింటరు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"వెళ్ళింది."

ఆమె ఫోను ఒళ్ళో బోర్లించి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది.

"కాస్త తొందరగా పోనివ్వండి," అంది. అంతలోనే, "వద్దు. నెమ్మదిగానే పోనివ్వండి," అంది.