మావయ్య వేరు కాపురం

ఇసుక ఇంకా తడిగానే ఉంది. ఆమె దాన్ని జల్లెడలో పోసుకుని, సముద్రం వైపు గుమ్మంలో కూర్చుని జల్లిస్తోంది. పాఠానికి పొడి ఇసుకే కావాలి. తడి ఇసుకలో గుచ్చితే అగ్గిపెట్టెల ఇళ్ళు బిగుసుకుపోతాయి, నీళ్ళు పోసినా కూలవు. కూలకపోతే పాఠమేముంది? ఇసుక కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. రాత్రి పోటుకి సముద్రమే గోడ కింద నుంచి దూరి, గదిలో కుప్పపోసి వెళ్ళింది.

"అడక్కుండా తెచ్చిచ్చే కొట్టువాడు సముద్రం ఒక్కడే," అన్నాడు మావయ్య మంచం మీద నుంచి.

ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే, ఆమె, ఆమె భర్త తండ్రి. భర్త కామెర్లతో పోయి తొమ్మిదేళ్ళయింది. మావయ్య ఒకప్పుడు పడవలు చేసిన వడ్రంగి. ఎనభై దాటాక నడుము వంగింది గాని చేతులు వంగలేదు. ఉన్నది ఒక్క గది, దానికి వీధి వైపొక తలుపు, సముద్రం వైపొక తలుపు. రెండూ ఆయన చేసినవే.

"ఇవాళే ఆఖరటగా. అయిదింటికి వెళ్ళే లారీ తప్పితే ఇంక రాదట," అన్నాడు.

"ఆఁ."

"ఇంకెన్ని కొంపలు మిగిలాయి?"

"మనతో కలిపి మూడు."

ఆయన ఇంకేమైనా అడుగుతాడేమోనని ఆమె జల్లెడ గట్టిగా ఊపింది. గోడ మీద ఉప్పు తెల్లగా పొంగి, పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. ఆమె గది ఊడ్చి, ఆయనకి అన్నం గిన్నె మీద మూతపెట్టి, పళ్ళెం, ఇసుక సంచీ, చెంబు చంకలో పెట్టుకుని బయల్దేరింది.

పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్న ఉద్యోగం ఇదే. సముద్రం పెరుగుతోంది, వానలకి వేళాపాళా పోయింది, బావులు ఉప్పెక్కాయి. ఈ మారిన కాలంతో ఎలా నెగ్గుకురావాలో ఒడ్డున ఉండేవాళ్ళకి నేర్పాలి. వీధిలో ఆమె పేరు పాఠాలమ్మ. అరుగు ఎత్తు పెంచండి, కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచీలో చుట్టి దూలానికి వేలాడదీయండి, హెచ్చరిక జెండా ఎగిరాక పడవ కోసం వెనక్కి పోకండి అని చెవినిల్లు కట్టుకుని చెప్పింది. మొదట్లో తిట్టారు. తర్వాత నవ్వారు. రెండు పెద్ద గాలివానలు వచ్చిపోయాక విన్నారు. నాలుగేళ్ళుగా మిగిలింది ఒక్కటే పాఠం, మెరక మీద కట్టిన కాలనీకి దాటిపొమ్మని.

దాటడానికి ఆఫీసువాళ్ళు రెండు షరతులు పెట్టారు. ఇంటిల్లిపాదీ కదలాలి, ఒక్కరు ఉండిపోయినా కొత్త ఇల్లు రాదు. రెండోది, పాత ఇంటి వీధి తలుపు ఊడదీసి లారీలో తెచ్చి అప్పజెప్పాలి. మొదట్లో జనం కొత్త ఇల్లు తీసుకుని, అద్దెకిచ్చి, మళ్ళీ ఒడ్డుకే వచ్చి పడుకునేవారు. తలుపు లేని ఇంట్లో ఎవడు పడుకుంటాడని ఏ తెలివైనవాడికో తోచింది. అందుకే ఇప్పుడా వీధి వీధంతా పళ్ళూడిన నోరులా ఉంది. ఆ గుమ్మాలన్నీ ఆమె పాఠం విన్నవే.

మూతపడిన మంచు గోదాంలో నలుగురు వచ్చి కూర్చున్నారు. అందరూ సాయంత్రం దాటేవాళ్ళే. ఇంక వాళ్ళకి చెప్పాల్సిందేమీ లేదు, అయినా వచ్చారు. ఆమె పళ్ళెంలో ఇసుక పరిచి, అగ్గిపెట్టెలు నిలబెట్టి, చెంబుతో నీళ్ళు వంచింది. ముందు వరస పడింది, తర్వాత రెండో వరస. ఏది ఎప్పుడు పడుతుందో అందరికీ కంఠతా వచ్చు. అయినా కళ్ళప్పగించి చూశారు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు," అంది ఆమె, ఎప్పుడూ అనేదే.

"మాకు సరే, మరి మీ సంగతేంటి పాఠాలమ్మా?" వలలు అల్లే ఆవిడ అందుకుంది. "దీపం కింద చీకటిలా ఇక్కడే ఉండిపోతారా?"

"మావయ్య ఊఁ అనాలిగా. పుట్టిన చోటు వదలనంటారు. ఆయన్ని ఒక్కణ్ణీ వదిలి నేనెలా రాను?"

"ముసలాళ్ళ మొండిపట్టు మొసలి పట్టే," అంది వలలావిడ. మిగతావాళ్ళు పాపం అన్నట్టు తలలాడించారు. నాలుగేళ్ళుగా ఎవరడిగినా ఆమె జవాబు అదే. చెప్పగా చెప్పగా నోటికి నున్నగా అరిగిపోయింది.

వాళ్ళు వెళ్ళాక పై అధికారి మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఏటా ఈ రోజుల్లోనే వస్తాడు. తీరంలో, సొంత ఇంట్లో కాపురం ఉంటున్నానని ఆమె కాగితం మీద సంతకం చెయ్యాలి. ఒడ్డున ఉండేవాళ్ళ మాటే ఒడ్డువాళ్ళు వింటారని ఆ ఉద్యోగానికి పెట్టిన నియమం అది.

"ఇక్కడ అందరూ వెళ్ళిపోతున్నారుగా సార్. నేనూ దాటితే?"

"దాటండి. పోస్టు ఇంకొకరికి ఇస్తాం," అన్నాడు అతను. మంచివాడే, మొహం చిన్నబుచ్చుకునే చెప్పాడు. "పైన ఇంకా రెండు రేవులున్నాయి, అక్కడా మీరే చెప్పాలి. రూలు నేను రాయలేదమ్మా."

కాలనీలో చేసుకోవడానికి పనంటూ లేదు. రెండు పొట్టలకీ అన్నం పెడుతున్నది ఈ ఉద్యోగమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఆమెకి వెనకున్నది సముద్రం. పెన్ను తీసుకుని సంతకం చేసింది. అలవాటైపోయింది. ఆ అలవాటుకే ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ భయమేసింది.

తిరిగి వచ్చేసరికి వీధి చివర లారీ కదలడానికి సిద్ధంగా ఉంది. వెనక మంచాలు, బిందెలు, నిలువుగా కట్టిన మూడు తలుపులు. మూడోది చూసి ఆమె ఆగిపోయింది. పలక అంచున పడవ ముక్కులా చెక్కిన వంపు. అలా చెక్కే చెయ్యి ఈ ఒడ్డున ఒక్కటే.

మావయ్య డ్రైవరు పక్కన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో బట్టల మూట.

"ఎక్కడికి మావయ్యా?"

"వేరు కాపురం పెట్టానమ్మాయ్," అన్నాడు. "కోడళ్ళు వేరు పడ్డం చూశావు గాని, మావగారు వేరు పడ్డం ఎక్కడైనా చూశావా? రేషన్ కార్డులో నా పేరు విడిగా రాయించుకున్నా. ఇప్పుడు నా ఇంటిల్లిపాదీ నేనొక్కణ్ణే."

లారీ డ్రైవరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"నాతో ఒక్క మాటైనా అనలేదు."

"నువ్వన్నావా?" ఆయన గొంతులో కోపం లేదు. "నేను ఒప్పుకోవడం లేదని ఊరంతా చెప్పావట. నాలుగేళ్ళలో ఒక్కసారైనా దాటుదామా మావయ్యా అని నన్నడిగావా?"

ఆమె అడగలేదు. ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ నిలబడి బతిమాలింది, బెదిరించింది, ఒప్పించింది. తన ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. ఆయన కాదంటాడని కాదు. ఊఁ అంటాడని. ఊఁ అంటే అసలు అడ్డం ఏమిటో చెప్పాలి, ఆ తర్వాత చెప్పుకోవడానికి ఇంకో అడ్డం దొరకదు.

"కాగితాలు దూలానికి వేలాడదీయమన్నది నువ్వే," అన్నాడు ఆయన. "పనీపాటా లేనివాణ్ణి, దింపి చదివాను. నీ ఉద్యోగం సంగతి నాకు నిరుడే తెలిసింది. ఇల్లంటూ ఒకటి చేతిలో ఉంటే, నీకు వీలు చిక్కిన రోజున వస్తావు. ఇద్దరం ఇక్కడ కూర్చుంటే అదీ పోతుంది."

"ఒక్కరూ ఎలా ఉంటారు?"

"అక్కడ వలలావిడది పక్కిల్లే. నువ్వొక్కదానివీ ఎలా ఉంటావో అది చూసుకో." ఒళ్ళో మూట సర్దుకుని, "సముద్రం వైపు తలుపు నీకు వదిలేశా. గడియ బిగించాను. ఇసుకకి మాత్రం బెంగలేదు, మన కొట్టువాడు రాత్రి పోటుకి ఆ తలుపు దగ్గరికే తెచ్చిస్తాడు," అన్నాడు.

ఆ చివరి మాట నవ్వించాలని అన్నాడని ఆమెకి తెలుసు. తలూపింది. లారీ గేరు మారి కదిలింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు, మెడ తిరగదు ఆయనకి.

ఆమె పళ్ళెం చంకలో పెట్టుకుని ఇంటికి నడిచింది. అలవాటు కొద్దీ తలుపు తోయబోతే చెయ్యి గాలిలోకి పోయింది. తూలి, ద్వారబంధం పట్టుకుని నిలదొక్కుకుంది. లోపల మంచం ఒకటే ఉంది. అన్నం గిన్నె కడిగి బోర్లించి ఉంది. వీధిలోంచి ఒక కుక్క నేరుగా లోపలికి వచ్చి, ఆమెని చూసి, తనదే ఇల్లన్నట్టు మూల పడుకుంది. దాన్ని తోలాలనిపించలేదు. ఎదుటి గుమ్మాల్లోంచి ఆమెని చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె నేల మీద కూలబడి, పైట నోట్లో కుక్కుకోకుండా, గట్టిగానే ఏడ్చింది.

చాలాసేపటికి లేచి మొహం కడుక్కుంది. కిటికీ గట్టు మీద, వీధి తలుపుకి వేసే పెద్ద ఇత్తడి తాళం ఉంది. కొత్త ఇంటికి వచ్చేటప్పుడు తెమ్మన్నట్టు, మావయ్య తుడిచి, నూనె వేసి, చెవి దానికే ఉంచి వెళ్ళాడు.