బాతుల బరువు

ఆ శనివారం పొద్దున నీరజ్, స్మృతి ప్లాస్టిక్ బాతుల సంచులన్నీ పికప్ ట్రక్కులో వేసుకుని, దాని వెనక తగిలించే ట్రైలర్ కొనడానికి రెడ్‌మండ్ నుంచి బయల్దేరారు. నీరజ్ వేటకెళ్ళినప్పుడు నిజం బాతుల్ని రప్పించడానికి నీళ్ళ మీద వదిలే బాతులవి. గరాజంతా వాటితోనే నిండిపోయి స్మృతి కారు ఎప్పుడూ వానలోనే తడుస్తోంది.

ఈమధ్య అవి బరువు కూడా ఎక్కాయి. ఇంట్లో ఎవరైనా కోపం దిగమింగుకుంటుంటే ప్లాస్టిక్ బాతులు బరువెక్కడం మామూలేగా.

ట్రైలర్లు అమ్మే డేల్, ఒక చిన్న ట్రైలర్‌లోకి సంచులు ఎక్కించి నడుం పట్టుకున్నాడు.

"దీనికి ఒకటే ఇరుసు, ఆగదు. రెండు ఇరుసులది తీసుకోండి. తడి బాతులకి గాలి తగలాలి, కిటికీలున్నది చూడండి. ఇంతకీ ఇంట్లో కోపం ఎవరికి?"

"ఎవరికీ లేదు," అన్నాడు నీరజ్.

ట్రైలర్ కిర్రుమంటూ ఇంకాస్త కుంగింది.

"నాకు," అంది స్మృతి. "మోసెస్ లేక్‌లో హాస్పిటల్ వాళ్ళు జాబ్ ఇస్తామంటే, ఆ పల్లెటూరికి ఎవడు పోతాడని నీ ఫ్రెండ్స్ ముందు నవ్వావు."

"ఇక్కడ సీన్ చేయకు."

"చేస్తా! వారం వారం బాతుల కోసం కొండలు దాటి ఆ ఊరికే పోతావు. నా ఉద్యోగానికైతే దూరమా? నువ్వు ఇంట్లోంచే కదా పనిచేసేది? నన్ను ఒక్క మాటైనా అడిగావా?"

మాట మాటకీ ట్రైలర్ పైకి లేచింది. ఆమె గొంతు బొంగురుపోయేసరికి స్ప్రింగులు నిటారుగా నిలబడ్డాయి.

"ఇప్పుడు చిన్నదే చాలు," అన్నాడు డేల్.

"నాకు పెద్దదే కావాలి," అన్నాడు నీరజ్ పళ్ళు బిగించి.

"చిన్నదే. మోసెస్ లేక్‌కి లాక్కెళ్ళేది నేను. ట్రక్కు కీస్ ఇవ్వు," అంది స్మృతి.

"అయితే నేను రాను."

"రాకు."

కనుమ ఎక్కుతున్నంతసేపూ వెనక ట్రైలర్ ఉన్నట్టే లేదు స్మృతికి. దారిలో ఆగి హాస్పిటల్‌కి ఫోన్ చేసి, చేరుతున్నానని చెప్పింది.

మరుసటి శనివారం నీరజ్, స్మృతి కారేసుకుని మోసెస్ లేక్‌లో ఆమె అద్దెకున్న ఇంటికి వచ్చాడు. నేరుగా ట్రైలర్ దగ్గరికెళ్ళాడు. దాన్ని ట్రక్కుకి తగిలించి యాక్సిలరేటర్ తొక్కాడు. చక్రాలు మట్టి చిమ్మాయి. ట్రైలర్ అంగుళం కదల్లేదు.

"ఏమైనా ఉంటే చెప్పు, వింటా," అంది స్మృతి గుమ్మంలోంచి.

"నాకేం కోపం లేదు!"

ట్రైలర్ టైర్లు నేలలోకి దిగాయి.

ఆదివారమూ కదల్లేదు. సోమవారం పొద్దున స్మృతి డ్యూటీకి వెళ్ళిపోయింది. నీరజ్ వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, మొహం గంటు పెట్టుకునే, మోసెస్ లేక్ నుంచే ఆఫీసు మీటింగ్‌లో చేరాడు.